సవరణకు సాక్ష్యం ఏది? ఈమ్యాక్స్ లిస్ప్ మాన్యువల్‌పై ఒక సంవాదం

గ్నూ ఈమ్యాక్స్ అనేది పాఠ్యాన్ని రాయడానికీ దిద్దడానికీ వాడే టెక్స్ట్ ఎడిటర్. 1976లో పుట్టి, 1985లో గ్నూ రూపంలో విడుదలైన ఈ ఎడిటర్‌లో అధిక భాగాన్ని లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషకు చెందిన ఒక మాండలికంలోనే రాశారు కాబట్టి, వాడేవారు తమకు కావలసిన మార్పులను ఎడిటర్ లోపలి నుంచే చేసుకోగలుగుతారు. ఆ మాండలికంలోని ఫంక్షన్లను, అంటే పేరు పెట్టి పిలిస్తే ఒక నిర్దిష్టమైన పని చేసి ఫలితాన్ని తిరిగి ఇచ్చే ఆదేశాలను, నియమబద్ధంగా వివరించే గ్రంథమే ఈమ్యాక్స్ లిస్ప్ రిఫరెన్స్ మాన్యువల్. అచ్చు వేస్తే వెయ్యి పుటలు దాటే ఈ గ్రంథంపై బిల్ లూయిస్, డాన్ లాలిబర్ట్, రిచర్డ్ స్టాల్‌మన్, గ్నూ మాన్యువల్ గ్రూప్ అనే పేర్లు కనిపిస్తాయి. కానీ ఒక వాక్యం ఇక్కడ, ఒక అక్షరం అక్కడ సరిచేస్తూ దానిని వాడుకకు యోగ్యంగా నిలిపి ఉంచుతున్న చేతులు వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

గ్రంథకర్త కానివారు ఒక ఆధారగ్రంథంలో ఇలా చేయి పెట్టవచ్చునా అన్న ప్రశ్న గోదావరి తీరానికి కొత్తది కాదు. నన్నయ భారతాంధ్రీకరణకు వేదికైన రాజమహేంద్రవరం, సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన పిఠాపురం, ఆ నిఘంటు నిర్మాణానికి ఆలవాలమైన కాకినాడ ఈ ప్రాంతంలోనివే. అందువల్ల ఈ సంవాదాన్ని ఇద్దరు గోదావరి వ్యక్తుల మధ్య కల్పించడం సముచితంగా తోచింది. ఒకరు ప్రాచీన గ్రంథాల పాఠాలను సరిచూసి ప్రచురణకు సిద్ధం చేసే పరిష్కర్త, తెలుగు బోధించి ఉద్యోగ విరమణ చేసిన మాష్టారు. మరొకరు ఆయన దగ్గర చదువుకొని ప్రోగ్రామరు అయిన శిష్యుడు.

పరిష్కర్త: తప్పు కనబడితే దిద్దడం మంచిదే కదా అని పైకి అనిపిస్తుంది బాబూ, కానీ తాళపత్ర గ్రంథాల చరిత్ర మరో పాఠం చెబుతుంది. ఏమీ తెలియని లేఖకుడు చేసిన తప్పు తప్పుగానే కనిపిస్తుంది, ఛందస్సు విరుగుతుంది, అర్థం కుదరదు, కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. సగం తెలిసిన లేఖకుడు తనకు అర్థం కాని మాటను తప్పుగా భావించి, ఛందస్సు చెడకుండా, అర్థం కుదిరేటట్లు మార్చి రాసినప్పుడే అసలు నష్టం జరుగుతుంది; ఎందుకంటే ఆ మార్పు ఒప్పు రూపంలో ఉండి, తరాల తరబడి దాగిపోతుంది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి వీలైనన్ని ప్రతులు సేకరించి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూడవలసి రావడానికి కారణం ఇదే. వరిచేలో ఊద మొక్క వరి మొక్కలాగే ఉంటుంది. చేయి తిరగని కూలీ కలుపు తీయడానికి దిగితే వరి పోయి ఊద మిగులుతుంది. అటువంటప్పుడు దారిన పోయే ప్రతివారూ ఒక ఆధారగ్రంథంలో చిన్న సవరణలు చేయడం క్షేమమా?

ప్రోగ్రామరు: మాష్టారూ, కావ్యానికి చెప్పిన న్యాయం మాన్యువల్‌కు పూర్తిగా వర్తించదు. కావ్యంలో ప్రమాణం కవి రాసిన మాట. అది పోయింది కాబట్టి మిగిలిన ప్రతుల సాక్ష్యంతో దానిని తిరిగి ఊహించవలసి వస్తుంది. మాన్యువల్‌లో ప్రమాణం గ్రంథకర్త మాట కాదు, నడుస్తున్న ప్రోగ్రాము. ఇంకొక భేదం కూడా ఉంది: కావ్యంలో తప్పు లేఖకుడి చేతి నుంచి వస్తుంది, మాన్యువల్‌లో మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే ఒప్పు వాక్యం తప్పు వాక్యంగా మారిపోతుంది. సేవ్-ఎక్స్‌కర్షన్ అనే నిర్మాణమే దీనికి ఉదాహరణ. ఒక పని కోసం పాఠ్యంలో అటూ ఇటూ తిరిగి, పని ముగిశాక మొదట ఉన్న చోటికే తిరిగి రావడానికి దానిని వాడతారు. ఎంతోకాలం అది పాఠ్యంలో కర్సర్ ఉన్న స్థానాన్నే కాక, మార్క్‌ను, అంటే ఎంపిక చేసిన భాగానికి రెండో కొసగా గుర్తు పెట్టిన స్థానాన్ని కూడా దాచి ఉంచేది. 2016లో విడుదలైన 25.1 కూర్పు నుంచి మార్క్‌ను దాచడం మానేసింది. అది కూడా కావలసినవారి కోసం సేవ్-మార్క్-అండ్-ఎక్స్‌కర్షన్ అనే వేరే నిర్మాణం వచ్చింది. ఆ రోజున మాన్యువల్‌లోని పాత వాక్యంలో ఒక్క అక్షరం కూడా చెడలేదు, అయినా ఆ వాక్యం అబద్ధమైంది. మూలపాఠాన్ని అలాగే కాపాడడమంటే ఇక్కడ అబద్ధాన్ని కాపాడడమే అవుతుంది.

ఈ సమాధానంలో బలం ఉంది. పాఠపరిష్కరణ శాస్త్రం గతించిన ఒక క్షణాన్ని తిరిగి పట్టుకోవడానికి పుట్టింది. మాన్యువల్ వర్తమానంలో ఉన్న వస్తువును వర్ణిస్తుంది. అయినప్పటికీ మాష్టారు తన పక్షాన్ని విడువలేదు, ఎందుకంటే తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో మారుతున్న విషయాన్ని చెప్పడానికి వేరొక మార్గం ఉంది.

పరిష్కర్త: చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో చెప్పకుండా మిగిలిన విషయాలు ఉన్నాయని బహుజనపల్లి సీతారామాచార్యులు భావించినప్పుడు ఆయన బాలవ్యాకరణ సూత్రాలను దిద్దలేదు. త్రిలింగ లక్షణ శేషం అనే పేరుతో వేరే గ్రంథం రాశారు, 1885 నాటి ఆ గ్రంథాన్నే లోకం ప్రౌఢవ్యాకరణం అని పిలుస్తుంది. పూర్వుడి మాట పూర్వుడిదిగా, తరువాతివాడి మాట అతనిదిగా నిలిచాయి, ఎవరి బాధ్యత ఎంతో చదువరికి తెలిసింది. మాన్యువల్‌కు కూడా శేషం రాయవచ్చు కదా?

ప్రోగ్రామరు: అటువంటి శేషం ఇప్పటికే ఉంది మాష్టారూ. ఈమ్యాక్స్‌తో పాటు న్యూస్ అనే ఫైలు వస్తుంది. ప్రతి కూర్పులో ఏమి మారిందో అందులో అంశాల వారీగా రాస్తారు. అయితే ఆ ఫైలును తయారుచేసే పద్ధతిలోనే మీ ప్రశ్నకు జవాబు కూడా ఉంది. ఒక కొత్త అంశం రాసినప్పుడు, దానికి తగినట్టు మాన్యువల్‌ను కూడా సరిచేసి ఉంటే ఆ అంశం పైన మూడు ప్లస్ గుర్తులు పెడతారు. మాన్యువల్‌లో మార్పు అవసరం లేదని నిర్ణయించుకుంటే మూడు అడ్డగీతలు పెడతారు. ఏ గుర్తూ లేదంటే పని ఇంకా మిగిలి ఉందని అర్థం. అంటే శేషం రాయడంతో పని ముగియదని, మూలగ్రంథంలోకి కూడా మార్పు చేరాలని ఆ సంప్రదాయం పట్టుబడుతుంది. దీనికి కారణం చదివే తీరులో ఉంది. వ్యాకరణాన్ని విద్యార్థి గురువు దగ్గర మొదటి సూత్రం నుంచి చదువుకుంటాడు, శేషాన్ని కూడా ఆ వరుసలోనే అందుకుంటాడు. రిఫరెన్స్ మాన్యువల్‌ను ఎవరూ అలా చదవరు. అకారాది సూచిక ద్వారా ఒకే ఒక ఫంక్షన్ దగ్గరికి నేరుగా దిగి, ఆ నాలుగు వాక్యాలు చదివి వెళ్లిపోతారు. ఆ నాలుగు వాక్యాల్లో ఒకటి తప్పయితే, దాని దిద్దుబాటు మరెక్కడో ఉందని వారికి తెలిసే అవకాశమే లేదు. నిఘంటువుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. 1852 నాటి బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుకు 1903లో కొత్త కూర్పు వచ్చినప్పుడు ఎం. వెంకటరత్నం, డబ్ల్యూ.హెచ్. క్యాంబెల్, మన రాజమహేంద్రవరం కందుకూరి వీరేశలింగం పంతులు కలిసి ఆ గ్రంథాన్నే సంస్కరించారు కదా!

పరిష్కర్త: సంస్కరించినవారి పేర్లు ముఖపత్రం మీద ఉన్నాయి. ఆ సంస్కరణకు బాధ్యులు ఎవరో పుస్తకం తెరవగానే తెలుస్తుంది, పాత కూర్పును పక్కన పెట్టి ఏది మారిందో చూడవచ్చు. పేరు లేని చేతులు చేసిన వేల మార్పులకు ఆ రెండు సౌకర్యాలూ ఎక్కడివి?

ప్రోగ్రామరు: ఆ రెండూ మరింత సూక్ష్మంగా ఉన్నాయి. మాన్యువల్ మూలప్రతిని టెక్స్‌ఇన్ఫో అనే గుర్తుల భాషలో సాధారణ పాఠ్యంగా రాస్తారు. ఆ మూలం నుంచే అచ్చు పుస్తకం, ఎడిటర్ లోపల చదివే రూపం రెండూ తయారవుతాయి. ఈ మూలాన్ని గిట్ అనే కూర్పుల భాండాగారంలో ఉంచుతారు. ఏ పంక్తిలో ఏ మాట పోయి ఏ మాట వచ్చిందో, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో అక్కడ విడివిడిగా నమోదవుతుంది. పాత పాఠం ఎన్నటికీ పోదు. బ్రౌన్ పండితులు ప్రతులు పక్కపక్కన పెట్టి కష్టపడి కనిపెట్టిన పాఠాంతరాల పట్టిక ఇక్కడ సవరణతో పాటే పుడుతుంది. పైగా దారిన పోయేవారు నేరుగా మార్చేయలేరు. సవరణను ప్యాచ్‌గా, అంటే పాత పంక్తినీ కొత్త పంక్తినీ చూపే చిన్న ప్రతిపాదనగా పంపితే, నిర్వాహకులు చదివి, ఒప్పుకుంటేనే చేరుస్తారు.

చిన్న సవరణ అనే మాటకు ఆ ప్రపంచంలో ఒక చట్టపరమైన అర్థం కూడా ఉన్నదని ఇక్కడ చెప్పడం అవసరం. ఈమ్యాక్స్‌కు పెద్ద మార్పులు ఇచ్చేవారు తమ రచనపై కాపీరైట్‌ను, అంటే నకళ్లు తీసే, పంచే, మార్చే హక్కును, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే సంస్థకు రాతపూర్వకంగా బదిలీ చేయాలి. సుమారు 15 పంక్తులకు లోబడిన మార్పు కాపీరైట్ దృష్టిలో లెక్కకు రాదు కాబట్టి దానికి ఆ పత్రం అక్కరలేదు. అటువంటి మార్పును చేర్చేటప్పుడు పత్రం నుంచి మినహాయింపు ఉందని నమోదులోనే రాస్తారు. ఒకే మనిషి చేసే చిన్న మార్పులు పోగుపడితే మాత్రం అవన్నీ కలిపి లెక్కలోకి వస్తాయి. ఏ ఊరి విద్యార్థి అయినా, ఏ సంతకమూ లేకుండా, ఒక తప్పు వాక్యాన్ని సరిచేసి ఈ గ్రంథంలో భాగస్వామి కాగలగడానికి తెరిచి ఉంచిన తలుపు ఇది. దాని విలువ తక్కువ కాదు. అయితే మాష్టారు ఆ కొలత దగ్గరే ఆగి, సంవాదంలో అన్నిటికంటే బలమైన ఆక్షేపణ తెచ్చారు.

పరిష్కర్త: చట్టం పంక్తులు లెక్కపెడుతుంది, అర్థం పంక్తులను బట్టి ఉండదు. కాదు అన్న ఒక్క మాట జారిపోతే వాక్యం తలకిందులవుతుంది. అది ఒక పంక్తిలో మూడో వంతు కూడా కాదు. ముద్రారాక్షసాన్ని దిద్దడమూ, అధిక ప్రసంగంగా కనిపించిన వాక్యాన్ని తీసేయడమూ కొలతలో రెండూ చిన్నవే. మీ మాన్యువల్‌లో ఎవరికైనా అనవసరంగా తోచి, తీసేస్తే ప్రమాదమయ్యే వాక్యాలు లేవంటావా?

ప్రోగ్రామరు: ఉన్నాయి. డెల్‌క్యూ అనే ఫంక్షన్ ఒక జాబితా నుంచి కోరిన అంశాన్ని తొలగిస్తుంది. అది తిరిగి ఇచ్చిన ఫలితాన్ని మళ్లీ ఆ జాబితా పేరుగా ఉన్న వేరియబుల్‌లోనే, అంటే విలువను దాచి ఉంచే పేరులోనే, ఉంచాలని మాన్యువల్ బోధిస్తుంది. మధ్యలో ఉన్న అంశాన్ని తొలగించి చూస్తే, అలా ఉంచకపోయినా జాబితా సరిగానే మారినట్టు కనిపిస్తుంది. తొలగించవలసినది మొట్టమొదటి అంశం అయినప్పుడే చిక్కు: ఫంక్షన్ రెండో అంశం నుంచి మొదలయ్యే జాబితాను తిరిగి ఇస్తుంది, కానీ వేరియబుల్ మాత్రం పాత మొదటి అంశాన్నే పట్టుకొని ఉంటుంది.

పరిష్కర్త: చూశావా బాబూ! సగం తెలిసిన లేఖకుడు ఒకసారి పరీక్షించి, హెచ్చరిక లేకపోయినా పని జరుగుతోందని నమ్మి, ఆ వాక్యాన్ని కొట్టేస్తాడు. నడుస్తున్న ప్రోగ్రామే ప్రమాణమని నువ్వు మొదట అన్నావు. ఆ ప్రోగ్రామునే సాక్షిగా పిలిచి, అతడు వరి మొక్కను పీకేశాడు.

ప్రోగ్రామరు కొంతసేపు మౌనం వహించవలసిన చోటు ఇది. ఎందుకంటే ప్రోగ్రాము ప్రమాణం కావడం వేరు, ఒక్క పరీక్ష ఆ ప్రమాణానికి పూర్తి సాక్ష్యం కావడం వేరు. ఒక వాక్యం తప్పని చూపడానికి ఒక్క ప్రతికూల ఉదాహరణ చాలు. ఒక వాక్యం అనవసరమని చూపడానికి వేయి అనుకూల ఉదాహరణలు కూడా చాలవు. దిద్దే సవరణకూ తొలగించే సవరణకూ ఒకే రకమైన సాక్ష్యం అడగడం పొరపాటు అన్నది ఈ ఆక్షేపణ నుంచి తేలే విషయం, దీనిని మాన్యువల్ నిర్వాహకులే కాదు, సవరణ పంపే ప్రతి ఒక్కరూ పట్టించుకోవాలి.

ప్రోగ్రామరు: ఒప్పుకోవలసిందే మాష్టారూ. దీనికి మన భాష నుంచే మరో ఉదాహరణ ఉంది. లెంగ్త్ అనే ఫంక్షన్ ఒక పదంలో ఎన్ని అక్షరాలున్నాయో చెబుతుందని మాన్యువల్ అంటుంది. రాజమహేంద్రవరం విద్యార్థి ఎవరైనా స్త్రీ అన్న మాటను దానికి ఇస్తే ఆరు అని జవాబు వస్తుంది. బళ్లో ఒకే అక్షరంగా నేర్చుకున్నది ఆరు ఎలా అయిందని ఆ విద్యార్థి మాన్యువల్‌దే తప్పనుకుంటాడు, దిద్దడానికి సిద్ధపడతాడు. నిజానికి యూనికోడ్ అనే అక్షర సంకేతాల ప్రమాణం లెక్కలో సకారం, దాని పొల్లు గుర్తు, తకారం, దాని పొల్లు గుర్తు, రేఫ, ఈత్వం అనే ఆరు విడి సంకేతాలు ఆ మాటలో ఉన్నాయి. వాటిని కలిపి ఒక రూపంగా చూపడం తెరమీద జరిగే పని. ఇక బైట్లు, అంటే కంప్యూటర్ జ్ఞాపకంలో నిలవ చేసే చిన్న భాగాలు, లెక్కపెడితే స్ట్రింగ్-బైట్స్ అనే ఫంక్షన్ పద్దెనిమిది అంటుంది, ఎందుకంటే తెలుగు సంకేతం ఒక్కొక్కటికీ మూడు బైట్లు పడతాయి. ఇక్కడ మాన్యువల్ వాక్యం ఒప్పు, విద్యార్థి అనుభవమూ ఒప్పు. కావలసినది దిద్దుబాటు కాదు, ఇంగ్లీషు అక్షరాలతోనే ఇచ్చిన ఉదాహరణల పక్కన మన లిపి వంటి దానితో ఒక ఉదాహరణ చేర్చడం.

పరిష్కర్త: అటువంటి చేర్పుకు అభ్యంతరం లేదు. కానీ ఇంకొక సందేహం మిగిలి ఉంది. మన వ్యాకరణంలో లక్ష్యం, లక్షణం అని రెండున్నాయి; వాడుకలో ఉన్న భాష లక్ష్యం, దానిని గురించి చెప్పే నియమం లక్షణం. రెండూ విభేదించినప్పుడు ఏది తప్పు అన్నదే వ్యావహారికం పక్షాన నిలిచిన గిడుగు రామమూర్తి పంతులుకూ గ్రాంథికం పక్షాన నిలిచిన జయంతి రామయ్య పంతులుకూ మధ్య నడిచిన వివాదం సారాంశం. మాన్యువల్ ఒకటి చెప్పి, ప్రోగ్రాము మరొకటి చేస్తే, మాన్యువల్‌నే దిద్దాలని ఎవరు నిర్ణయించారు? ప్రోగ్రాములోనే లోపం ఉండవచ్చు కదా, ఆ లోపాన్ని మాన్యువల్‌లోకి ఎక్కించి నియమంగా మార్చేయడం సవరణ అవుతుందా?

ప్రోగ్రామరు: అవదు. అందుకే అటువంటి సందర్భంలో తోచిన దిద్దుబాటును పంపడం కంటే విభేదాన్ని లోపంగా నివేదించడం మేలు. దానికోసం ఎడిటర్‌లోనే ఒక ఆదేశం ఉంది. మాన్యువల్ వాక్యం ఒక వర్ణన మాత్రమే కాదు, వాడేవారికి ఇచ్చిన మాట కూడా. ఆ మాట నమ్మి ఇతరులు రాసిన ప్రోగ్రాములు ఉంటాయి. ఏది మారాలో ఆ ఫంక్షన్ ఉద్దేశం తెలిసినవారు తేల్చాలి. కానీ మాష్టారూ, లక్షణాన్ని లక్ష్యం కోసం మార్చకూడదనే పట్టుదల చివరకు నిలవలేదు. మొదట గ్రాంథికం పక్షాన ఉన్న వీరేశలింగం పంతులే 1919లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు కదా.

పరిష్కర్త: నిలవకపోవచ్చు, కానీ మార్చినవారు దశాబ్దాలు వాదించి, ప్రయోగాలు పోగుచేసి మార్చారు. మీలోనే డొనాల్డ్ నూత్ అనే పండితుడు ఉన్నాడని, తన పుస్తకాల్లో తప్పు చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్ల బహుమానం ప్రకటించాడని విన్నాం. అక్కడ చూపడం చదువరి పని, దిద్దడం గ్రంథకర్త పని. ఆ విభజనే ఉత్తమం కాదా?

ప్రోగ్రామరు: ఒక్కరు రాసిన పుస్తకానికి అది ఉత్తమమే. నలభై ఏళ్లుగా ఎందరో మారుస్తున్న ప్రోగ్రాముకు అటువంటి ఏకైక గ్రంథకర్త లేరు. చూపినవారే దిద్ది పంపకపోతే, చూపిన తప్పులు పోగుపడి ఉండిపోతాయి.

ఈ అంశంపై ఇద్దరూ ఏకీభవించలేదు, ఏకీభవించవలసిన అవసరమూ లేదు. కానీ ఇంతవరకు ప్రస్తావనకు రాని ఒక నియమం విషయంలో మాష్టారి ఆందోళన న్యాయమైనదే. కొత్త కూర్పు విడుదలకు ముందు కొంతకాలం ప్రోగ్రాములో మార్పులను స్తంభింపజేస్తారు. ఆ సమయంలో కూడా మాన్యువల్ సవరణలను, వివరణ వాక్యాల సవరణలను నిర్భయంగా చేర్చవచ్చునని ఈమ్యాక్స్ అభివృద్ధి నియమావళి అంటుంది. మాన్యువల్ మారినంత మాత్రాన ప్రోగ్రాము చెడదు కాబట్టి ఆ నియమం ప్రోగ్రాము దృష్టిలో సరైనదే. చదువరి దృష్టిలో మాత్రం తప్పు వాక్యం వల్ల చెడేది అతడు రేపు రాయబోయే ప్రోగ్రాము, ఆ నష్టం ఏ పరీక్షలోనూ ముందుగా కనబడదు.

పరిష్కర్త: అయితే సవరణ పంపదలచినవాడు ముందు ఏమి చేయాలంటావు?

ప్రోగ్రామరు: ఒకే విషయం సాధారణంగా రెండు మూడు చోట్ల ఉంటుంది: మాన్యువల్‌లో, ఫంక్షన్ నిర్వచనంలోనే ఇమిడి ఉండే క్లుప్త వివరణలో, కొన్నిసార్లు న్యూస్ ఫైలులో. ఒకచోట దిద్ది మిగిలిన చోట్ల వదిలేస్తే కొత్త విభేదం పుడుతుంది కాబట్టి అన్నీ చదవాలి. తరువాత భాండాగారంలో ఆ వాక్యం చరిత్ర తీసి, దానిని అలా ఎందుకు రాశారో చూడాలి. కొనల దగ్గర, అంటే ఖాళీ జాబితా, మొదటి అంశం, చివరి స్థానం వంటి చోట్ల, నడిపి చూడాలి. వాస్తవానికి సంబంధించిన సవరణనూ వాక్యశైలికి సంబంధించిన సవరణనూ ఒకే ప్యాచ్‌లో కలపకూడదు.

పరిష్కర్త: ఇవన్నీ చేశాడో లేదో సరిచూసే యంత్రం ఏదైనా ఉందా?

ప్రోగ్రామరు: చెక్‌డాక్ అనే సాధనం ఉంది. క్లుప్త వివరణలోని మొదటి పంక్తి పూర్తి వాక్యమేనా, చివర చుక్క ఉందా, ఫంక్షన్‌కు ఇచ్చే అంశాల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉన్నాయా అన్నవి అది చూస్తుంది. ఆ వాక్యం నిజమా కాదా అన్నది మాత్రం దానికి తెలియదు. దానిని సవరణ పంపేవారు, చేర్చేవారు చదివి తేల్చుకోవలసిందే.